తప్పిపోయిన గొర్రె వీడియో

శనివారం ఉదయం, గుడి పనులు చూసుకునే అక్క వేసిన పథకం చాలా చిన్నది. పదింటికల్లా గుడిలో కెమెరా పెట్టించాలి, ఫాదర్ గారి చేత రెండు నిమిషాల సందేశం చెప్పించాలి, భోజనాల వేళకు దాన్ని బిషప్ గారి మేత్రాసనం ఆఫీసుకు పంపేయాలి. గుడి మానేసినవాళ్లనీ, దేవుణ్ణి వెతుక్కుంటూ ఎటు పోవాలో తెలియక తిరుగుతున్నవాళ్లనీ ఫోన్ల ద్వారా పలకరించాలని పైనుంచి ఆదేశం వచ్చింది. ప్రతి విచారణా, అంటే ఒక ఫాదర్ కింద ఉండే ప్రతి గుడీ, ఒక వీడియో పంపాలట. పంపనివాళ్ల సంగతి బిషప్ గారి చెవిన వేస్తారట.

చిక్కల్లా ఒక్కటే. ఆ విచారణ మొత్తంలో కెమెరా సరిగ్గా పట్టడం తెలిసిన మనిషి అక్క చెల్లెలు ఒక్కతే. ఆమెకు బజారులో ఫోటో స్టూడియో ఉంది. ఆమె గుడి మానేసి పదేళ్లయింది. ఇంట్లో అందరూ ఆమెను మొండి అని పిలుస్తారు, ఆమె కూడా ఆ పేరుకే పలుకుతుంది.

"కెమెరా పని వరకే వస్తాను," అంది మొండి స్టూడియో షట్టరు ఎత్తుతూ. "మోకాళ్లు వంచను. ఆమెన్ అనను. మీ మరియసేన భక్తబృందం వాళ్లెవరూ వచ్చి నా తలమీద చెయ్యి పెట్టకూడదు."

"నీ తలమీద చెయ్యి పెట్టే ధైర్యం ఎవరికుందే? తీసిపెట్టి పో, అంతే."

"నువ్వు అడిగావని వస్తున్నా. ఆదేశం ఎవరిదో తెలిసి కూడా వస్తున్నా. అది గుర్తుపెట్టుకో."

అక్క వెంటనే లెన్సుల గురించి ఏదో అడిగింది. ఆమెకు లెన్సులంటే ఏమిటో తెలియదు. మాట మార్చడానికి అంతకన్నా మంచి వస్తువు ఆ గదిలో కనిపించలేదు.

ఆదేశం పంపింది పెద్ద ఫాదర్. ఇప్పుడు మేత్రాసనంలో ప్రసారాల పనంతా ఆయనదే. పదేళ్ల క్రితం ఆయన ఇక్కడే విచారణ గురువు. అక్కాచెల్లెళ్ల తల్లి పోయినప్పుడు సమాధి పూజ చేసిందీ ఆయనే. ఆ రోజు ఊళ్లో రెండు చావులు, ఆయన జేబులో రెండు కాగితాలు. తల్లి పెట్టె ముందు నిలబడి రెండో కాగితం తీశాడు. "మన ప్రియ సోదరుడు" అని మొదలుపెట్టి, ఆ సోదరుడి పేరు మూడుసార్లు చదివి, వాలీబాల్ ఆటలో ఆయన చూపిన పట్టుదలను మెచ్చుకుని, అలాంటి తండ్రి దొరకడం పిల్లల అదృష్టమని ముగించాడు. ఆ తల్లి జీవితమంతా ఆ గుడి పీఠం గుడ్డలు ఉతికి ఇస్త్రీ చేసిన మనిషి. బంతి ముట్టుకున్న పాపాన పోలేదు.

మొండి వెళ్లి అడిగింది. "పోయింది ఎవరో దేవుడికి తెలుసులేమ్మా," అన్నాడాయన. "అన్నీ దేవుడికే తెలిస్తే మధ్యలో మీరెందుకు?" అని ఆమె వచ్చేసింది. అక్క మాత్రం ఫాదర్ని ఎదిరిస్తే కళ్లు పోతాయన్నట్టు తల వంచుకుని ఊరుకుంది. మొండికి ఆ కాగితం ఎంత గుర్తో, వంచిన ఆ తల కూడా అంతే గుర్తు.

గుడిలో కెమెరా నిలబెట్టేసరికి ఇంకా ఫాదర్ రాలేదు. ఇప్పటి ఫాదర్ చిన్నవాడు, మంచివాడు. మనుషుల ముందు గంటసేపు మాట్లాడమన్నా మాట్లాడతాడు. కెమెరా అనేసరికి ఏ చొక్కా వేసుకోవాలో తేలక గదిలో తలుపేసుకున్నాడు. అక్క ఆయన్ని బుజ్జగించడానికి వెళ్లింది. వెలుతురు చూసుకోవడానికీ, మైకు పరీక్షించడానికీ కుర్చీలో ఎవరో ఒకరు కూర్చోవాలి. ఎవరూ లేరు కాబట్టి మొండే కెమెరా ఆన్ చేసి వెళ్లి కూర్చుంది.

ఇలాంటప్పుడు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టడం ఆమె అలవాటు. కానీ ఎదురుగా పీఠం ఉంది. దానిమీద గుడ్డ ముడతలు పడి ఉంది. అది చూశాక ఇంక నోరు లెక్కలు పెట్టలేదు.

"పదేళ్ల తర్వాత ఈ గుడిలో కూర్చున్నాను. ఈ కుర్చీ మారలేదు, మైకు మారలేదు, నేను అసలే మారలేదు. ఈ పీఠం ముందు మా అమ్మని మగాణ్ణి చేసి సాగనంపారు. నాకు దేవుడితో గొడవేం లేదు. ఆయనా నేనూ స్టూడియోలో బానే మాట్లాడుకుంటాం. రండి రండి అని పిలిచేవాళ్లకి ఒకటే చెప్తున్నా. ఎందుకు పోయావని ఒక్కరూ అడగలేదు. అడక్కుండా పిలిస్తే ఎవరొస్తారు? ఆ కాగితం చదివిన పెద్దమనిషి ఇక్కడే నిలబడి, మా అమ్మ పేరు సరిగ్గా పలికిన రోజు వస్తాను. అప్పటిదాకా దేవదూతలు దిగొచ్చి బతిమాలినా రాను."

లేచి కెమెరా ఆపి కళ్లు తుడుచుకుంది. మైకు బాగా పనిచేస్తోందని నిర్ధారణ అయింది.

తర్వాత ఫాదర్ వచ్చి కూర్చున్నాడు. కెమెరా మీద ఎర్ర దీపం వెలగగానే చెప్పాల్సింది మరిచిపోయాడు. ఒకసారి "తప్పిపోయిన గొర్రెలారా" అని ఆగిపోయాడు, ఒకసారి తుమ్మాడు, ఒకసారి దండం పెట్టి ఊరుకున్నాడు. చివరికి ఎలాగో సందేశం పూర్తయింది. పరీక్ష కోసం తీసినది చెరిపేద్దామని మొండి అనుకుంటూనే కాళ్లూ చేతులూ కడుక్కుని కాఫీ తాగడానికి వెళ్లింది. ఈలోగా వీడియో పంపాల్సిన బావ వచ్చి కెమెరాలోంచి కార్డు తీసుకుని ఇంటికి పోయాడు.

బావ అంటే అక్క భర్త. నీళ్ల సరఫరా ఆఫీసులో గుమాస్తా. ఏ అర్జీ వచ్చినా మొదటి వాక్యం చదివి పైకి పంపేయడం ఆయన పద్ధతి. మిగతా వాక్యాలు పైవాళ్లు చదువుకుంటారని ఆయన నమ్మకం. పైవాళ్లదీ అదే పద్ధతి కాబట్టి ఇంతవరకూ ఎవరికీ ఇబ్బంది కలగలేదు, అర్జీ పెట్టుకున్నవాళ్లకు తప్ప.

కంప్యూటర్లో మొదటి వీడియో తెరిచాడు. మరదలు కనిపించింది. "పదేళ్ల తర్వాత ఈ గుడిలో కూర్చున్నాను," అంది. బావకు దుఃఖం పొంగుకొచ్చింది. అక్కడితో ఆపేశాడు. ఫాదర్ సందేశం పంపినవాళ్లు చాలామంది ఉంటారు, తిరిగొచ్చిన గొర్రెనే పంపినవాళ్లు ఎవరున్నారు? 'తప్పిపోయిన గొర్రె తిరిగి వచ్చింది' అని పేరు పెట్టాడు. కింద, ఫాదర్ ముందే రాసిచ్చిన రెండు ముక్కలూ అతికించి పంపేశాడు: ఆదివారం తొమ్మిదింటి పూజకు రండి, మీ మాట వినడానికి మేం సిద్ధంగా ఉన్నాం.

అక్కడ మేత్రాసనంలో పెద్ద ఫాదర్ కూడా మొదటి వాక్యమే విన్నాడు. ఆ మనిషి ఎవరో పోల్చుకోలేదు. "అద్భుతమైన సాక్ష్యం, అందరూ చూడాలి" అని తన పేరుతో రాసి, మేత్రాసనం పేజీలో పెట్టి, అన్ని విచారణలకూ పంపించాడు.

చివరిదాకా విన్నవాళ్లు గుడి మానేసినవాళ్లు మాత్రమే.

సాయంత్రం మొదటి ఫోన్ దర్జీ ఆవిడ దగ్గర్నుంచి వచ్చింది. "నువ్వు చెప్పింది అక్షరాలా నిజమమ్మా. నా మనవడికి జ్ఞానస్నానం ఇవ్వనన్నారు. కారణం ఇప్పటికీ చెప్పలేదు. రేపు నేనూ వస్తున్నా."

"ఎక్కడికండీ?" అంది మొండి.

"అదేంటి, మా మాట వింటామని నువ్వే పిలిచావుగా."

తర్వాత లారీ డ్రైవరు చేశాడు. రాత్రంతా బండి నడిపి వచ్చి పూజలో కునుకు తీస్తే ప్రసంగంలో అందరి ముందూ ఎగతాళి చేశారని, అప్పట్నుంచి రావడం మానేశానని చెప్పాడు. ఆ తర్వాత హార్మోనియం తాత. చెప్పాపెట్టకుండా ఆయన హార్మోనియం తీసేసి కొట్టుగదిలో పెట్టారట. మొండి నేరుగా అక్క ఇంటికి వెళ్లింది. బావ ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అమ్మాయ్, నన్ను ఏడిపించేశావు."

"ఎక్కడిదాకా విన్నావు బావా?"

"మొదటి మాటకే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంక వినలేకపోయాను."

"రెండో మాటకి నీళ్లు ఆగిపోయేవి. కూర్చుని విను."

విన్నాక ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. అక్క కూడా విన్నది. మళ్లీ మొదట్నుంచి పెట్టించుకుని విన్నది. అప్పుడే ఫాదర్ ఫోన్ చేశాడు. పెద్ద ఫాదర్ ఎట్టకేలకు రెండో వాక్యం విన్నాడట, వీడియో వెంటనే తీసేయమని కేకలేస్తున్నాడట. "అది మీ పేజీలోనే ఉంది కదండీ అన్నాను," అన్నాడు ఫాదర్ దిగాలుగా. "తీసేసే ఆయన సెలవులో ఉన్నాడట, ఫోన్ ఎత్తడం లేదట. రేపు తొమ్మిదింటికి పెద్ద ఫాదరే స్వయంగా వస్తానన్నారు."

ఆదివారం తొమ్మిదింటికి గుడిలో నిలబడటానికి చోటు లేదు. రోజూ వచ్చేవాళ్లు తమ బల్లలమీద ఎవరెవరో కూర్చుని ఉండటం చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. హార్మోనియం తాత హార్మోనియం ఉండే చోటే కుర్చీ వేసుకున్నాడు. మొండి మాత్రం తలుపు దగ్గర నిలబడి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతోంది, "నేను పూజకి రాలేదు. ఆ వీడియో తీసేయించడానికి వచ్చాను." జనం ఆమె చెయ్యి పట్టుకుని దారి ఇస్తున్నారు. ఆమె కదలడం లేదు.

పెద్ద ఫాదర్ మైకు ముందుకొచ్చాడు. "ప్రియ సహోదరీ సహోదరులారా, నిన్న మీరు చూసిన వీడియో ఒక సాంకేతిక లోపం."

"వీడియో బాగానే ఉందండి," అన్నాడు హార్మోనియం తాత. "చివరిదాకా విన్నాం."

"నేనైతే మా అబ్బాయికి కూడా వినిపించాను," అంది దర్జీ ఆవిడ. "మీరు విన్నారా?"

పెద్ద ఫాదర్ చిన్న ఫాదర్ వైపు చూశాడు. చిన్న ఫాదర్ బావ వైపు చూశాడు. బావకు చూడటానికి ఎవరూ మిగల్లేదు, పైకప్పు వైపు చూశాడు. లారీ డ్రైవరు పూర్తిగా మెలకువగా ఉన్నాడు.

"సరే," అన్నాడు పెద్ద ఫాదర్. "ఆ తల్లి పేరే కదా, చదువుతాను." అక్క వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఆ పేరు కాస్త కాగితం మీద రాసివ్వమ్మా."

పూజలో చదవాల్సినవి రాసిచ్చేది ఎప్పుడూ అక్కే. కాగితం, కలం ఆమె చేతిలోనే ఉన్నాయి. ఆమె లేచి నిలబడింది. మొండి తలుపు వైపు తిరిగింది, ఆ తల మళ్లీ వంగడం చూడటం ఆమెకు ఇష్టం లేదు.

"కాగితం ఇవ్వను ఫాదర్," అంది అక్క.

కలం మూత పెట్టేసింది. "కాగితంతోనే వచ్చింది ఈ తంటా అంతా. పోయింది మా అమ్మ. ఆవిడ ఉతికిన గుడ్డల మీదే మీరు పూజ చేశారు. పేరు కావాలంటే కిందికి దిగి మా చెల్లెల్ని అడగండి. అడిగి, విని, అప్పుడు చెప్పండి. నేను ఆ రోజే అనాల్సింది ఇది. అనలేదు. ఇప్పుడు అంటున్నా."

మొండి వెనక్కి తిరిగింది. పదేళ్లుగా పెద్ద ఫాదర్ నోరు ఎప్పుడు తెరుస్తాడా అని చూశాననుకుంది. అక్క నోరు కోసం కూడా అంతే ఎదురు చూశానని అప్పుడు తెలిసింది. కోపం మాత్రం పోలేదు.

పెద్ద ఫాదర్ మెట్లు దిగాడు. బల్లల మధ్యనుంచి తలుపు దాకా నడిచి రావడానికి ఆయనకు చాలాసేపు పట్టింది, జనం ఆయనకు అంత తేలిగ్గా దారి ఇవ్వలేదు.

"మీ అమ్మగారి పేరేమిటమ్మా?"

మొండి చెప్పింది.

"ఇంకొక్కసారి చెప్పమ్మా."

ఈసారి నిదానంగా, ఇంటిపేరుతో సహా చెప్పింది. ఆయన పెదవులు కదుపుతూ వెనక్కి నడిచి, పీఠం ముందు నిలబడి, మన సోదరి అని ఆ పేరు పలికాడు. ఎక్కడా తప్పలేదు. "ఆ రోజు వేరే కాగితం చదివాను," అన్నాడు. "అడగడానికి వచ్చిన బిడ్డకి దేవుడి పేరు చెప్పి పంపేశాను. తప్పు నాది." అక్క కూర్చుని కొంగుతో మొహం కప్పుకుంది.

అయిపోయిందనుకుని చిన్న ఫాదర్ పూజ మొదలుపెట్టబోయాడు. దర్జీ ఆవిడ లేచి, "నా మనవడి సంగతి," అంది. ఆమె వెనక లారీ డ్రైవరు, ఆయన వెనక ఇంకా చాలామంది లేచారు. వింటామని రాసింది ఫాదరే కాబట్టి వినక తప్పలేదు. ఇద్దరు ఫాదర్లూ పీఠం మెట్ల మీద కూర్చున్నారు. తొమ్మిదింటి పూజ మొదలయ్యేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. బావ ఒకటి రెండుసార్లు మెల్లగా జారుకోబోయాడు. తలుపు దగ్గర మరదలు ఉంది.

"చివరిదాకా విను బావా," అంది.

అక్క ఆమె దగ్గరికొచ్చింది. "పేరు పలికిన రోజు వస్తానన్నావు."

"అన్నాను."

"మరి వచ్చి కూర్చో."

"వస్తానన్నా. కూర్చుంటానన్లేదు."

అక్క తన చోటు వదిలేసి ఆమె పక్కనే నిలబడింది.

మొండి మాట తప్పే మనిషి కాదు. ఇప్పుడు ప్రతి ఆదివారం వస్తోంది, తలుపు దగ్గరే చేతులు కట్టుకుని నిలబడుతోంది. ఆమె ప్రార్థన చేస్తోందో లేదో గానీ, చనిపోయినవాళ్ల పేర్లు చదివే ముందు ఫాదర్ మాత్రం బాగా చేస్తున్నాడు.