డైరెక్టరు గారి ఎనిమిది కేజీలు

మలావి సరస్సు గౌరవ పరిరక్షణ కార్యాలయం వారు సహర్షంగా ప్రకటించినదేమనగా: రానున్న గురువారం ఉదయం పది గంటలకు, చెంబె ఊరి ఎదుట, నీటికి ఎనిమిది మీటర్ల అడుగున, ‘ఇచ్చట చేపలు పట్టరాదు’ అను శిలాఫలకాన్ని డైరెక్టర్ గ్లాడ్సన్ కపన్యులా గారు తమ స్వహస్తాలతో ఆవిష్కరిస్తారు.

ఫలకం నీళ్ల అడుగున ఉంటే పడవల మీద చేపలు పట్టేవాళ్లు దాన్ని ఎలా చదువుతారని సమావేశంలో ఎవరూ అడగలేదు. అడిగే అలవాటున్న వాళ్లను ఆ కార్యాలయం సమావేశాలకు పిలవదు. కనీసం చేపలైనా తమ హక్కులు చదువుకుంటాయని ఊరు సరిపెట్టుకుంది.

డైరెక్టరు గారిని అడుగుకు దింపి తిరిగి పైకి తెచ్చే గౌరవం జెలీఫాకు దక్కింది. ఆమెకు నలభై ఏళ్లు. పన్నెండేళ్లుగా ఒడ్డున ఒక చిన్న డైవింగ్ బడి నడుపుతోంది. ఇంతవరకు ఎంతమందిని దింపిందో అంతమందినీ పైకి తెచ్చింది. బడి లైసెన్సు మీద ఏటా సంతకం పెట్టేది డైరెక్టరు గారే. ఆ ఏటి కాగితం ఇంకా ఆయన బల్ల మీదే ఉంది. అందుచేత ఆమె ఈ గౌరవాన్ని స్వచ్ఛందంగా స్వీకరించింది.

బుధవారం ఉదయం పాఠం మొదలైంది. జెలీఫా చాప మీద సీసపు దిమ్మలు పరిచింది.

“ఈ రబ్బరు సూటు వేసుకుంటే మనిషి మునగడు సార్, బెండులా తేలతాడు. అందుకే సీసం కట్టుకోవాలి. కొంత నడుము బెల్టుకి, కొంత జాకెట్ జేబుల్లో. రెండు పక్కలా సమానంగా పెట్టాలి, లేకపోతే ఒరిగిపోతాం. ఎక్కడ పెట్టినా ఒక్క లాగుకి ఊడిరావాలి. ఏదైనా జరిగితే బరువు వదిలేసేవాడే బతుకుతాడు.”

“నాకు ఎన్ని?” అన్నారు డైరెక్టరు గారు.

“మీ ఒంటికి ఎనిమిది కేజీలు సార్.”

“బరువు... నేను మొయ్యాలా?”

ఆయన ఆ మాట జెలీఫాతో అనలేదు. పక్కనున్న కార్యదర్శి లవ్‌మోర్ చిపేటా వైపు తిరిగి అన్నారు. చిపేటా ముఖం పాలిపోయింది. “పరిశీలిస్తాం సార్” అన్నాడు.

ఆ మధ్యాహ్నమే, వేయించిన చంబో చేపలు, మొక్కజొన్న ముద్దలు ముగిశాక, బరువుల స్థాన నిర్ణయ ఉపసంఘం సమావేశమై లోతుగా చర్చించింది. నడుముకు కట్టినచో భుజము మీదుగా వేసుకొను ఆవిష్కరణ పట్టీ నలుగును. జేబుల్లో పెట్టినచో ఉబ్బిన జేబులతో ఒక ప్రభుత్వాధికారి ఫొటోలో కనబడును. ప్రజలు అపార్థం చేసుకొనవచ్చును, లేదా, అంతకన్నా ప్రమాదకరంగా, సరిగ్గానే అర్థం చేసుకొనవచ్చును. చీలమండలకు కట్టుట ఖైదీలను తలపించును. వీపు మీద మోయుట పిల్లల తల్లులకు చెందిన విషయం. కావున డైరెక్టరు గారి బరువులు సిబ్బంది ఒంటి మీద ఉండవలెను.

చిపేటా ఆ తీర్మానం పట్టుకొచ్చేసరికి జెలీఫా గాలి సిలిండర్లు తుడుస్తోంది.

“అలా కుదరదండీ. బరువు ఎవరి ఒంటి మీద ఉంటే వాళ్లే మునుగుతారు.”

“చూడమ్మా, వెళ్లేది ఆయన, మోసేది నువ్వు. ఇందులో కొత్తేముంది? అన్ని ఆఫీసుల్లో జరిగేదేగా.”

“ఆఫీసులో చెయ్యి జారితే ఫైలు పడుతుందండీ. ఇక్కడ మనిషి పోతాడు.”

“అయితే జారకుండా పట్టుకో.” చిపేటా గొంతు తగ్గించాడు. “నీ లైసెన్సు కాగితం రేపే సంతకానికి పెడుతున్నా.”

జెలీఫా లెక్క వేసుకుంది. తన అయిదు కేజీలు, ఆయనవి ఎనిమిది. ఆయన పైకి లాగుతుంటే తను కిందికి లాగాలి. చెయ్యి పట్టుకున్నంతసేపూ ఇద్దరూ కలిసి ఒక మామూలు మనిషి. వదిలితే ఒకరు పైకి, ఒకరు కిందికి. ఈ సంగతి పడవ నడిపే సైదీ తాతకు చెప్పింది.

“కుదరదని చెప్పలేకపోయావా అమ్మాయ్?” అన్నాడు తాత.

“చెప్పాను తాతా.”

“ఎంత గట్టిగా?”

జెలీఫా గుడ్డ తీసుకుని, తుడిచిన సిలిండరునే మళ్లీ తుడిచింది.

గురువారం ఒడ్డంతా జనం. డప్పులు మోగాయి. తనకూ ఆయనకూ మధ్య జెలీఫా ఒక తాడు కట్టింది. “నేనేమన్నా మేకనా?” అని డైరెక్టరు గారు విప్పించేశారు. దిగబోయే ముందు ఆమె ఆఖరి మాట చెప్పింది: “ఏం జరిగినా ఊపిరి బిగబట్టకండి సార్. పైకొస్తూ బిగబడితే లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులు చిరుగుతాయి.” ఆయన అప్పటికే ఫొటో కోసం నవ్వుతున్నారు.

దిగడం సవ్యంగానే జరిగింది. రెండు బెల్టుల్లో పదమూడు కేజీల సీసంతో జెలీఫా కింద, ఆమె చేతికి గాలిబుడగలా డైరెక్టరు గారు పైన. ఫలకం దగ్గర ఆయన ఒక చేత్తో తెర లాగారు. తెర తొలగింది. ‘ఇచ్చట చేపలు పట్టరాదు.’ నాలుగు నీలం చేపలు వచ్చి చూసి వెళ్లిపోయాయి.

అంతా నిశ్శబ్దం. తెర తీశాక చప్పట్లు వినబడకపోవడం ఆయన ఉద్యోగ జీవితంలో అదే మొదటిసారి. కాసేపు ఎదురుచూశారు. ఎవరూ కొట్టకపోయేసరికి, కార్యక్రమం అసంపూర్తిగా మిగలరాదన్న బాధ్యతతో, జెలీఫా చెయ్యి విడిపించుకుని రెండు చేతులతో తామే కొట్టారు.

మొదటి చప్పట్లు పూర్తయ్యేలోపే ఆయన పైకి లేచిపోయారు. జెలీఫా ఇసుక వాలు మీదుగా కిందికి జారింది. తలెత్తి చూస్తే ఆయన నోటి నుంచి ఒక్క బుడగ కూడా రావడం లేదు. ఊపిరి బిగబట్టేశారు. ఇన్నాళ్లలో తను ప్రాణాలతో పైకి తీసుకురాలేకపోయిన మనిషి ఈయనే అవుతాడా అనుకుంది. రెండు బెల్టులూ ఒక్కో లాగుకి ఊడదీసి వదిలేసింది. కాళ్లు తన్నుకుంటూ పైకి ఎగిసి, వెలుతురు దగ్గరపడుతుండగా ఆయన పాదం అందుకుంది. ఆయన ఒంటి మీదుగా పాకి పైకొచ్చి, పొట్టలో పిడికిలితో బలంగా ఒకటి గుద్దింది. ఏమీ రాలేదు. ఇంకొకటి గుద్దింది. డైరెక్టరు గారి నోటి నుంచి బుడగలు బుసబుసమంటూ బయటికొచ్చాయి. సర్వీసు మొత్తంలో ఆయన దేన్నైనా వదులుకోవడం అదే ప్రథమం.

నీటి పైకి ఆయన నడుము దాకా లేచారు. జనం కేకలు పెట్టారు. పడవలో పడుకోబెడితే కాసేపు దగ్గి, లేచి కూర్చుని, మైకు అడిగారు.

“ప్రజలారా! ఏ బరువూ లేకుండా నేను అడుగుదాకా వెళ్లాను! ఎవరి సాయమూ లేకుండా పైకొచ్చాను!”

ఇందులో మొదటి వాక్యం అక్షరాలా నిజమే గనక రెండోదాన్ని ఎవరూ తప్పుబట్టలేదు. చప్పట్లు పావుగంట మోగాయి.

వారం తర్వాత విచారణ. డైరెక్టరు గారి పొట్ట మీద పిడికిలంత కమిలిన మచ్చలు రెండు కనబడటమే కారణం. బాధితుడు, సాక్షి, అధ్యక్షుడు ముగ్గురూ ఆయనే కావడంతో కాలం చాలా ఆదా అయింది.

“నా బరువు నీ ఒంటి మీద ఎందుకుంది?”

“మీరే పెట్టుకోమన్నారు సార్.”

“ప్రమాదమని నీకు తెలుసా?”

“తెలుసు సార్.”

“తెలిసీ మోశావా?”

జెలీఫా నాలుగు రోజులుగా జవాబులు కూర్చుకుంటూ వచ్చింది. అవన్నీ పక్కన పెట్టి, “మోశాను” అంది.

తీర్పు చిపేటా చదివాడు: “ఒకరి బరువును మరొకరు మోయుటయే ఈ ప్రమాదమునకు మూలకారణము. మోసినవారే దోషులు. లైసెన్సుపై సంతకము మూడు నెలలు నిలుపుదల చేయడమైనది.”

ఆ కార్యాలయం పుట్టిన నాటి నుంచి రాసిన కాగితాలన్నిటిలో నిజమైన వాక్యం ఆ మొదటిదొక్కటే. అది జెలీఫాకు గుచ్చుకుంది. ఇక ఈ జన్మలో ఎవరి బరువూ ముట్టనని అక్కడే, ఆ కుర్చీలోనే గట్టిగా నిశ్చయించుకుంది.

సభ ముగిసింది. డైరెక్టరు గారు లేచారు. ఆయన తోలు సంచి బల్ల మీద ఉంది. దాన్ని అందుకోవడానికి ఒక్కసారిగా ఆరు చేతులు ముందుకొచ్చాయి. వాటిలో ఒకదానికి సీసం మరకలున్నాయి. అది తనదేనని జెలీఫా కాస్త ఆలస్యంగా గుర్తుపట్టింది.

మిగిలిన అయిదు చేతులూ ఎవరివో ఇక్కడ రాయడం లేదు. పాఠకుల్లో ఎవరినీ ఇబ్బంది పెట్టే ఉద్దేశం మాకు లేదు.