రాండ్రి, ఊరికి పోదాం

మనిషి ఆకాశంలో ఎగరడం నేర్చుకుని వందేళ్లు దాటింది గానీ, ఎండు కొబ్బరి చిప్పకు ఆ విద్య ఇంకా పట్టుబడలేదు. ఈ వెనకబాటు వల్ల ప్రపంచంలో ఎంతమంది నష్టపోయారో ఎవరూ లెక్క తీయలేదు. తీస్తే అందులో కామాఠీపుర ఏడో గల్లీ సీమా పేరు తప్పకుండా ఉంటుంది.

సీమా తమ్ముడు అనిల్ మహబూబ్‌నగర్‌లో, అంటే వాళ్ల మాటలో పాలమూరులో, ఇల్లు కట్టాడు. గృహప్రవేశంలో పాలు పొంగించాల్సింది ఇంటి ఆడబిడ్డ. అనిల్‌కు ఉన్నది ఒక్కతే అక్క. అంటే ఆ ఇంట్లోకి మిగతా లోకమంతా రాకపోయినా ఫరవాలేదు, సీమా రాకపోతే పొయ్యి వెలగదు. ఇంత పెద్ద హోదా మళ్లీ ఎప్పుడొస్తుందో అనుకుని, జీవితంలో ఒక్కసారైనా విమానం ఎక్కాలని, అదీ కిటికీ పక్కన కూర్చోవాలని ఆమె నిశ్చయించుకుంది. కూతురు మనాలి ఫోన్‌లో సీట్లు కూడా చూసిపెట్టింది. ఒక్క మీట నొక్కడమే మిగిలింది.

అప్పుడు అత్తగారు రత్నాబాయి ఐదు కుడుకలు, అంటే ఎండు కొబ్బరి చిప్పలు, గుడ్డలో మూటగట్టి తెచ్చి మధ్యలో పెట్టింది.

"కొత్తింటికి వట్టి చేతులతోటి పోతమా? ఫాక్‌లాండ్ రోడ్డు మీద ఏరి ఏరి తెచ్చిన."

"అత్తమ్మా, విమానంల కుడుకలు తీస్కపోనియ్యరు."

"ఏం, ఎందుకు?"

"అంటుకుంటయంట."

"నలభై ఏండ్ల సంది నా గూట్ల ఉంటున్నయి, ఒక్కనాడు అంటుకోలె. ఒకసారి పొయ్యిల పెట్టినా పొగే వచ్చింది."

"అక్కడ కొందాం తియ్యి అత్తమ్మా. పాలమూరుల కుడుకలు దొరకవా?"

"పాలమూరుల కొన్న కుడుక పాలమూరోళ్లకే పెడ్తవా? గాదానికి నువ్వెందుకు, వాళ్లే కొనుక్కుంటరు!"

ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉంది కాబట్టి తగవు తెగలేదు. చివరికి సీమా భర్త శంకర్రావు అందరు భర్తల్లాగే మధ్యేమార్గం కనిపెట్టాడు. విమానం రద్దు చేశాడు.

శంకర్రావు ఏడు సీట్ల టూరిస్టు బండి నడుపుతాడు. "కుడుకలనే రానియ్యని దాంట్ల మనం ఎందుకు పోవాలె? ఇంటి ముంగట బండి పెట్టుకొని!" అన్నాడు. టైం కూడా కలిసొస్తుందని రుజువు చేశాడు. విమానం ఎగిరేది కాసేపే. కానీ ఎయిర్‌పోర్టుకు చేరాలి, క్యూలో నిలబడాలి, బెల్టు విప్పాలి, బెల్టు పెట్టుకోవాలి, ఇంకో క్యూలో నిలబడాలి, దిగాక సామాను కోసం గుండ్రంగా తిరిగే పట్టా ముందు ధ్యానం చేయాలి, ఆ పైన బస్సు వెతకాలి. ఇవన్నీ కూడితే రోడ్డే దగ్గరని తేల్చాడు. (ఈ కూడికలో ఆయన వదిలేసింది ఒక్కటే: రోడ్డు.)

సీమా ఒక షరతు మీద ఒప్పుకుంది. ముందు సీటు, కిటికీ పక్కన, తనది.

"నీది కాకపోతే ఎవరిది?" అన్నాడు శంకర్రావు. ఆ మాట అన్నప్పుడు ఆయన మనసులో ఏ కల్మషమూ లేదు.

వాళ్లుండే మేడలాంటి దాన్ని ముంబయిలో 'చాలు' అంటారు; ఆ చాలు మర్యాదల గురించి ఇక్కడ కొంత చెప్పాలి. వరసగా గదులు, వాటి ముందు అందరికీ కలిపి ఒకే వరండా, పగలంతా తెరిచి ఉండే తలుపులు. ఎవరు ఏం తింటున్నారో దారిన పోయే ప్రతివాళ్లకూ కనబడుతుంది. అందుకని పూర్వీకులు ఒక చట్టం చేశారు. తింటున్నవాడు, పోతున్నవాణ్ని చూసి "రాండ్రి, తిందాం" అనాలి. పోతున్నవాడు ఆగకుండా "ఇప్పుడే తిన్న" అనాలి. నాలుగు తరాలుగా ఈ చట్టం ఒక్క మెతుకు కూడా చేతులు మారకుండా నడుస్తోంది. అయితే బండ్ల గురించి అందులో సెక్షన్ లేదు. పూర్వీకులకు బండ్లు లేవు.

ఆదివారం పొద్దున శంకర్రావు గల్లీలో బండి కడుగుతుంటే కింది గదిలో ఉండే చంద్రయ్య వచ్చాడు. పాలమూరు నుంచి వచ్చి భార్య లక్ష్మమ్మతో కలిసి బిల్డింగు పనులకు పోతాడు.

"ఏడికన్నా, బండి మెరుస్తున్నది?"

"ఊరికి, చంద్రయ్యా. బామ్మర్ది ఇల్లు కట్టిండు." ఇంతటితో ఆగితే సరిపోయేది. కానీ పుట్టి పెరిగింది చాలులో. నోరు దానంతట అదే తెరుచుకుంది. "రాండ్రి, పోదాం."

చంద్రయ్య ఆగిపోయాడు. ఊరి మొహం చూసి రెండేళ్లయింది. "నిజంగననా అన్నా?"

శంకర్రావు చేతిలో తడిగుడ్డ నీళ్లు కారుతూ ఉంది. "నిజం గాకపోతే మాటనా?" అన్నాడు.

పావుగంటలో లక్ష్మమ్మ మేడెక్కి వచ్చి సీమా చేతులు పట్టుకుంది. "అక్కా, మీ కాళ్లు మొక్కుత. నాకు బండ్ల తిప్పినట్లయితది, కిటికీ కాడ కూసోపెట్టు."

సాయంత్రానికి పక్క గదిలోని మంగేష్ వచ్చాడు. ఆయన అత్తగారిది సోలాపూర్. "శంకర్‌భావూ, తుమ్చా రోడ్డు సోలాపూర్ మీదికెల్లే కదా. నేను ఆడ్నే దిగిపోత, సగం సీటే అనుకోండ్రి."

"ఈయనను గూడ పిలిచిండ్రా?" అంది సీమా, మంగేష్ వెళ్లాక.

"ఊకె మాటవరుసకు అన్న."

"అన్నానికి పిలిస్తే 'ఇప్పుడే తిన్న' అంటరు. ఊరికి పిలిస్తే 'ఇప్పుడే పోయొచ్చిన' అని ఎవరంటరు, మనాలి పప్పా?"

ఆ వారమంతా శంకర్రావు తరఫున మర్యాదే జవాబు చెప్పింది, ఒక్కో సీటూ తీసుకుంటూ. రత్నాబాయికి మోకాళ్లు ముడవరావు కాబట్టి ముందు సీటు ఆమెది. వాంతుల దృష్ట్యా నడిమి వరస కిటికీ లక్ష్మమ్మది. రెండో కిటికీ మంగేష్‌ది, ఎందుకంటే దిగిపోయేవాడు అంచున ఉండాలి. (సోలాపూర్ తరువాత అది చంద్రయ్యది. ఊరి చెరుకు తోటలు చూసి ఎన్నాళ్లయిందో అన్నాడు.) సీమాకు మనాలితో కలిసి వెనక వరస వచ్చింది. అందులో ముందే చంద్రయ్య ఊళ్లో తల్లికి కొన్న సీలింగ్ ఫ్యాను ఉంది. దాని రెక్కలు వంగకూడదు కాబట్టి ఎవరైనా ఒళ్లో పెట్టుకోవాలి.

"జాగా సరిపోయింది చూస్తివా," అన్నాడు శంకర్రావు, సీట్లు లెక్కబెట్టుకుని. ఆయనా, ఆరుగురూ. ఏడు.

ఆ రాత్రే మెట్ల మీద బుచ్చన్న దొరికాడు. బుచ్చన్న చాలు కమిటీ పెద్దమనిషి. శంకర్రావు బండి గల్లీలో ఆ మూలన నిలుస్తోందంటే అది ఆయన చలవ.

"అందర్నీ పిలిచినవంట," అన్నాడు బుచ్చన్న. "నన్ను పిలువలె."

నేరాలన్నిటిలోకీ ఇది పెద్దది. "అయ్యో, మిమ్ముల పిలువకుంటనా దాదా? రాండ్రి, పోదాం," అన్నాడు శంకర్రావు.

"ఇంక ఈయనకు జాగా యాడిది?" అని సీమా అడిగితే, "చూద్దాం తియ్యి," అని అటు తిరిగి పడుకున్నాడు.

తెల్లారి సీమా మనాలిని పక్కకు పిలిచింది.

"మమ్మీ, బుక్ కరూ కా?" అంది మనాలి ఫోన్ తీసి, విమానం సీటు తీసెయ్యనా అన్నట్టు.

"కర్," అంది సీమా. పుట్టింట్లో పాలు పొంగించాల్సిన మనిషి ఫ్యానుతో పాటు చేరితే చేరినట్టు, లేకపోతే లేదు అన్న ఏర్పాటు ఆమెకు నచ్చలేదు.

మధ్యాహ్నం జొన్నరొట్టె, బొంబిల్ చేపల వేపుడు. వడ్డించే ముందు సీమా వరండా వైపు తలుపు వేసింది. భోజనాల వేళ తలుపు వేయడం ఆ చాలులో చావుబతుకుల సంగతి. రత్నాబాయి కోడలి వంక చూసి రొట్టె తుంచింది.

"నేను విమానంల పోతున్న," అంది సీమా. "టికెట్ తీసిన. కిటికీ సీటు. మీరు బండ్ల రాండ్రి. పాల టైంకు నేను ఆడ ఉంట."

సీమా అన్నిటికీ జవాబులు సిద్ధం చేసుకుంది. ఒంటరిగా ఎట్లా పోతావంటే ఏమనాలో, లోకం ఏమనుకుంటుందంటే ఏమనాలో, నేను డ్రైవరునై ఉండి నా పెళ్లాం విమానంలోనా అంటే ఏమనాలో, అన్నీ పొద్దున్నించీ మనసులో వల్లె వేసుకుంది.

శంకర్రావు ముఖం మెల్లగా విప్పారింది.

"బతికించినవ్, సీమా! నీ సీటు పొద్దుగాలనే బుచ్చన్నకు ఇచ్చేసిన. నిన్ను బస్సు ఎక్కిద్దామనుకున్న గని ఎట్ల చెప్పాల్నా అని ముద్ద దిగుతలేదు."

ఆ తరువాత ఆయన ఇంకో మూడు రొట్టెలు తిన్నాడు.