అయ్యవారు చెప్పిన విషపు వాన

ఆదివారం పొద్దున బస్సెక్కి రాజుపాలెం పోవాలని, అలీ అహ్మద్‌కు నాలుగు మాటలు చెప్పి భోజనం వేళకు తిరిగి రావాలని విశ్వేశ్వరయ్య అనుకున్నాడు. ఆయన ప్రొద్దుటూరు హైస్కూల్లో భూగోళం చెప్పే అయ్యవారు. రాజుపాలెంలో ఆయనకున్న నల్లరేగడి చేనును అలీ అహ్మద్ పంటలో భాగమిచ్చే ఒప్పందం మీద కోరుకు చేసేవాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అయిదేళ్లయింది గాని, అప్పటికి రెండేళ్లుగా ఆ చేలో గింజ పండలేదు. ఈసారి అక్టోబరు వాన పడీ పడగానే శనగ విత్తమని చెప్పిరావాలి. అంతే పని.

బస్టాండులో ఎవరో పేపరు పైకి చదువుతున్నారు. రష్యా వాళ్లు మళ్లీ పెద్ద బాంబు పేల్చి చూశారట. కండక్టరు జమాల్ టికెట్ల సంచి సర్దుకుంటూ, "అయ్యవారూ, ఆ బాంబుల యుద్ధమే వస్తే ఎవురు మిగుల్తారు?" అని అడిగాడు. బడిలో పిల్లలెవరూ తమంతట తాము ఆయన్ను ఏమీ అడగరు. విశ్వేశ్వరయ్య చేతిలోని గొడుగు బెంచీకి ఆనించాడు.

"అమెరికా, రష్యా, ఐరోపా మొదటిరోజే పోతాయి. ఆ బూడిద గాలికెక్కి చైనా, జపానుల మీదుగా తిరుగుతాది. ఆస్ట్రేలియా, ఆఫ్రికాలో దక్షిణం దిక్కు కొంచెం నయం."

"మరి మనం?"

"మన మీద బాంబు వేసేదెవడప్పా? అయితే గాల్లోని విషాన్ని కిందికి దించేది వాన. వానలు మెండుగా పడే కోస్తా వాళ్లకు చేటు. మనకూ అంతో ఇంతో తప్పదు. వానే ఎరగని లింగాల, పులివెందుల దిక్కు మాత్రం ప్రపంచంలోకెల్లా క్షేమం."

వాన పడకపోవడం గురించి ఒక మంచిమాట వినడం అక్కడి జనానికి అదే మొదలు. ఇంకా చెప్పమని చుట్టూ మూగారు. బస్సు హారన్ మోగేసరికి విశ్వేశ్వరయ్య ఆఫ్రికాలో ఉన్నాడు. అక్కణ్ణించి కదలబుద్ధి కాక, "జమాల్, వాన విషయంలో అజాగ్రత్త పనికిరాదని నేను చెప్పినానని అలీకి చెప్పు" అని కేకేశాడు.

జమాల్ నమ్మకమైన మనిషి. ఆ మాటతోపాటు తాను విన్నదంతా రాజుపాలెంలో చెప్పాడు. మధ్యాహ్నం జమ్మలమడుగు బస్సులో చెప్పాడు. అక్కడినుంచి అది పులివెందులకు ఎలా పోయిందో ఎవరూ చూడలేదు. మంగళవారం విశ్వేశ్వరయ్య భార్య లక్ష్మీకాంతమ్మ నీళ్లబిందె దించి, "ఈ వారంలో విషపు వాన పడ్తాదని మీరు చెప్పినారంట గదా. ఊరంతా తొట్లకు మూతలు పెడ్తాండారు" అంది.

"యుద్ధమొస్తే అన్నాను గదే."

"ఆ 'వస్తే' యాడో జారిపోయినట్టుంది."

ఆయన నవ్వాడు. తన మాట ఊరంతా పాకినందుకు లోలోపల సంతోషించాడు కూడా. ఆ సంతోషాన్ని తలుచుకుని తర్వాత చాలాకాలం సిగ్గుపడ్డాడు.

బుధవారం బంగారంలాంటి వాన కురిసింది. మర్నాడు రాజుపాలెం పోయి చూస్తే నల్లరేగడి విత్తడానికి సరిగ్గా పదునెక్కి ఉంది. చేలల్లో విత్తనం వేసే గొర్రు ఒక్కటీ లేదు. అలీ అహ్మద్ ఎద్దుల్ని నట్టింట్లో కట్టేసి, గడప మీద కూర్చున్నాడు.

"విత్తలేదేందప్పా?"

"జాగ్రత్తగా ఉండమని మీరే గదా చెప్పి పంపింది. ఎద్దుల్ని గూడా తడవనీలేదు."

ఊరి రైతులు చేరారు. విశ్వేశ్వరయ్య యుద్ధం లేదని, విషం లేదని గొంతు పోయేలా చెప్పాడు. అలీ భార్య హజరాబీ అంతా విని, "మొన్న ఉందంటిరి, ఈ పొద్దు లేదంటిరి. మేం ఏది నమ్మల్ల?" అంది.

వేరే దారి తోచక ఆయన పక్కనే గుంటలో నిలిచిన వాననీళ్లు దోసిలితో ముంచి తాగాడు. అది పశువులు తొక్కిన గుంట. ఏ కాలంలోనైనా ఆ నీళ్లు కడుపు చెరుస్తాయి. తిరిగి పోయేటప్పుడు దారి పొడుగునా బస్సు ఆపించవలసి వచ్చింది. సాయంత్రానికల్లా, విషపు వాన తాగి అయ్యవారు మంచాన పడ్డాడని రాజుపాలేనికి కబురు చేరింది. అంతవరకు అనుమానంగా ఉన్న ఇద్దరు ముగ్గురు రైతులు కూడా గొర్రు అటకెక్కించారు. ఆయన లేచి నడిచే నాటికి ఎండలకు పదును ఆరిపోయింది. మళ్లీ చినుకు పడలేదు.

తమకు విషం రాదని విన్న లింగాల వాళ్లు మాత్రం, పడ్డది మంచి వానేనని ధైర్యంగా ఉలవలు చల్లుకున్నారు. పంట విరగపండింది. అమెరికా, రష్యా కూడా ఎప్పటిలాగే ఉన్నాయి. చెడింది రాజుపాలెం.

సంక్రాంతి పోయాక విశ్వేశ్వరయ్యకు బస్టాండులో అలీ, హజరాబీ కనబడ్డారు. కొడవళ్లు గోనెపట్టాలో చుట్టుకుని, లింగాలకు ఉలవ కోతలకు పోతున్నారు. ఆయన వాళ్ల దగ్గరికి పోయాడు.

"నావల్లే గదా అలీ, మీకు ఈ తిప్పలు."

"మీరు మాకు చెడుపు తలుస్తారా అయ్యవారూ? మేమే శానా నమ్మినాం" అన్నాడు అలీ, ఆయన ముఖం చూడకుండా.

ఆ మాట కంటే నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది విశ్వేశ్వరయ్యకు. హజరాబీ బస్సు మెట్టు మీద ఆగి, "మళ్లొకసారి వాన పడ్తే ఏం చేయమంటారు?" అని అడిగింది. ఆ అడగడంలో ఎత్తిపొడుపు లేదు.

"విత్తండమ్మా."

ఆయన ఒక్క మాటతో ముగించిన పాఠం అదొక్కటే.