అరటి గెల, పన్నెండు కొక్కేలు

బంగారరాజు లెక్క ప్రకారం గురువారం ఉదయం ఆరింటికి బండి అమలాపురంలో కదలాలి. చీకటి పడేలోపు అరకు చేరాలి. ముప్ఫయ్యొక్క ఏళ్ళు ఆర్టీసీలో బస్సు నడిపిన మనిషికి లెక్కంటే లెక్కే. రిటైరై రెండేళ్ళయినా, స్టీరింగు పట్టుకోవాలంటే ఒంటి మీద ఖాకీ చొక్కా ఉండాల్సిందే. అది లేకపోతే గేరు సరిగ్గా పడదని ఆయన నమ్మకం.

భార్య మాణిక్యం లెక్క వేరు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమె భర్త నడిపే బస్సు చాలాసార్లు ఎక్కింది. ఎక్కిన ప్రతిసారీ మూడో వరుసలో కూర్చుని ఆయన వీపు చూడడమే. "డ్యూటీలో ఉన్న డ్రైవరుకి పెళ్ళాం ఉండదు" అనేవాడు బంగారరాజు. రిటైరయ్యాక ముందు సీట్లో పక్కన కూర్చోబెట్టుకుని అరకు తీసుకెళ్తానని మాటిచ్చాడు. ఆ మాటని రెండేళ్ళుగా కొంగున ముడేసుకుని తిరుగుతోంది ఆవిడ.

బండి బంగారరాజుది కాదు. కొత్తపేటలో ఉండే మేనల్లుడు సాయిదుర్గాప్రసాద్ ఒక పాత వ్యాను కొని, లోపల మంచం, పొయ్యి, ఫ్యాను బిగించి, గోడలకి తెల్లటి షీటు అంటించి, ఇల్లులాగా తయారుచేశాడు. బుధవారం దాన్ని తెచ్చి అప్పగిస్తూ ఒక్కటే షరతు పెట్టాడు.

"మీకు చెప్పేటంతవాణ్ణి కాదండీ మావయ్యగారూ. గోడకి మాత్రం ఒక్క మేకు కూడా కొట్టకండి. మేకులు కొట్టేవాళ్ళకి బండి ఇవ్వకూడదండీ. రేపు కొత్తపేటలో ఒక్క నిమిషం ఆపితే, లోపలంతా చూసుకుని పంపిస్తాను."

"గోడ మీద ఒక్క గీత కనిపిస్తే?" అన్నాడు బంగారరాజు.

"అరకు లేదండీ, ఆయ్."

మేకు కొట్టకూడదు, సామాను తగిలించాలి. బంగారరాజు బజారుకెళ్ళి పన్నెండు జిగురు కొక్కేలు తెచ్చాడు. గోడకి అంటించడమే, పనయ్యాక కింద ఉన్న తోక లాగితే మచ్చ లేకుండా ఊడొస్తాయి. కూడా వచ్చిన కాగితాన్ని పైకి చదివాడు. "గోడ శుభ్రముగా, పొడిగా ఉండవలెను. ఒక్కొక్క కొక్కెమునకు ఒక కిలో మించరాదు. తీయునప్పుడు తోకను మెల్లగా, కిందికి లాగవలెను."

"గోడ అద్దంలా ఉందండీ. ఇందాకే తుడిచేను" అంది మాణిక్యం.

దేంతో తుడిచావని ఆయన అడగలేదు. అక్కడే పడింది దెబ్బ. మాణిక్యం ఇంట్లో బీరువా, కుట్టుమిషను, వీధి తలుపు, అన్నీ కొబ్బరినూనె గుడ్డతోనే మెరుస్తాయి. మేనల్లుడి బండికి అన్యాయం చేస్తుందా? చేయి అందినంత మేరా శ్రద్ధగా పట్టించింది. చేయి అందని చోటు ఒక్కటే, మంచం పైన, కప్పు దగ్గర. పన్నెండో కొక్కెం అక్కడ అంటించారు.

తెల్లారింది. ఊరెళ్ళేవాళ్ళని ఆ వీధిలో వట్టి చేతులతో పంపరు. ఎదురింటి కుమారస్వామి చక్కెరకేళి గెల భుజాన వేసుకుని వచ్చాడు.

"దారిలో తింటారనండీ. కింద మాత్రం పెట్టకండి, నల్లబడిపోద్ది."

గెలని నేల మీద పెట్టకూడదని మాణిక్యానికి ఒకరు చెప్పాలా? అప్పుడు బంగారరాజు టైర్లలో గాలి చూస్తున్నాడు. ఆవిడ గెలని చేత్తో ఎత్తి చూసింది. ఎనిమిది కేజీలుంటుంది. కొక్కేనికి కేజీ. ఎనిమిది కొక్కేలకి కలిపి పురికొస కట్టి, సరిగ్గా రూలు ప్రకారం గెల వేలాడదీసింది. దాని కిందే పది కేజీల బియ్యం డబ్బా. కొండ మీద బియ్యం ఎలా ఉంటాయో ఏమోనని ఇంటి బియ్యమే తెచ్చుకుంది. మిగిలిన కొక్కేలకి మగ్గు, టార్చి, తువ్వాలు.

బండి ఆరూ అయిదుకి కదిలింది. మాణిక్యం ముందు సీట్లో కూర్చుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, రోడ్డుని కళ్ళారా చూసింది. ముందుగా ముక్తేశ్వరంలో మాణిక్యం పిన్ని బుజ్జమ్మకి కనిపించి, అక్కణ్ణుంచి కొత్తపేట వెళ్ళాలని ఏర్పాటు. మొదటి స్పీడు బ్రేకరు దగ్గర వెనక టంగుమంది.

"ఏంటది?"

"మగ్గండీ."

రెండో దాని దగ్గర దబ్బుమంది.

"అదేంటి?"

"టార్చి అయ్యుంటుందండీ. మీరు రోడ్డు చూడండి."

"కాగితంలో ఉన్నట్టే అంటించేను కదా!"

"అవునండీ. మీ తప్పేం లేదు."

ముక్తేశ్వరంలో పిన్నిగారింటికి ఇంకా నాలుగిళ్ళ దూరం ఉందనగా ఒక మేక అడ్డమొచ్చింది. బంగారరాజు బ్రేకు తొక్కాడు. మేక బతికింది. వెనక మాత్రం ఎనిమిది కొక్కేలూ ఒక్క మాట మీద గోడ వదిలేశాయి. గెల డబ్బా మీద పడింది, డబ్బా తలుపు వైపు దొర్లింది, మూత ఎటో పోయింది. బంగారరాజు దిగి పరుగున వెళ్ళి వెనక తలుపు తీశాడు. బియ్యం జలజలా రోడ్డు మీదికి కారాయి.

తెల్లటి వ్యాను, వెనక తలుపు, బియ్యం, ఖాకీ చొక్కా మనిషి. ఇంటింటికీ తిరిగే రేషను బియ్యం బండి ఆగిపోయి ఎన్నాళ్ళో అయింది. వీధరుగు మీద కూర్చున్న బుజ్జమ్మకి కళ్ళజోడు లేదు కానీ, గొంతు ఉంది.

"బియ్యం బండి మళ్ళీ వచ్చిందర్రోయ్! సంచులు తెచ్చుకోండి!"

అయిదు నిమిషాల్లో ముప్ఫై మంది వరసలో నిలబడ్డారు. చేతిలో కార్డు, చంకలో సంచి.

"వేలిముద్ర మిషను ఎక్కడండీ?"

"మిషను లేదండీ. ఇది మా సొంత బండండీ" అన్నాడు బంగారరాజు.

"సొంత బండిలో బియ్యం తోలుతున్నారా?"

"అయ్యో, మేం అరకు వెళ్తున్నామండీ!"

"మా బియ్యం అరకు పంపించేస్తున్నారర్రా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. ఇంకొకరు ఫోటో తీసి గ్రూపులో పెట్టారు. బంగారరాజు ఫోను మోగింది.

"మావయ్యగారూ, మన బండిలో బియ్యం పంచుతున్నారంటండీ? అక్కడే ఉండండి, వస్తున్నాను."

బంగారరాజు బండిలోకి ఎక్కి చూస్తే పదకొండు కొక్కేలు నేల మీద ఉన్నాయి, గోడ మీద మచ్చయినా లేదు. పన్నెండోది మాత్రం కప్పు దగ్గర కదలకుండా ఉంది. దాన్నీ తీసేస్తే బండి ఇచ్చింది ఇచ్చినట్టే ఉంటుంది. మెల్లగా లాగాలని ఆయనకి కంఠతా వచ్చు. కానీ బయట ముప్ఫై కార్డులు కేకలేస్తుంటే మెల్లగా ఎలా వస్తుంది? పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. కొక్కెం ఒక్కటే రాలేదు. కొక్కెంతో పాటు గోడ మీది షీటు బారెడు ఊడి, ఆయన నెత్తి మీద ముసుగులా వాలింది.

మాణిక్యం గుమ్మంలోనే చతికిలబడి ఏడ్చేసింది.

"నేనేనండీ. గోడంతా కొబ్బరినూనె పట్టించేను. గెల కట్టింది కూడా నేనే. నా అరకుని నేనే పాడుచేసుకున్నాను."

బంగారరాజు ముసుగు తీసి ఆవిడ పక్కన కూర్చున్నాడు. కోపం రావాలి. రాలేదు.

"ముందు సీటు బావుందా?"

"చాలా బావుందండీ."

"మరింకేం. అరకు బస్సులో వెళ్దాం. టికెట్టు తీసుకుని, ఇద్దరం ఒకే సీట్లో."

అంతలో మోటారు సైకిలు మీద సాయిదుర్గాప్రసాద్ దిగాడు. వరసని తోసుకుని లోపలికొచ్చాడు. ఊడిన షీటు చూశాడు. అరుస్తాడనుకుంటే ముఖం తెల్లబోయింది. అతని చూపు వెంట బంగారరాజూ గోడకేసి చూశాడు. షీటు కింద చెక్క నిండా బెజ్జాలు. ఒకటీ రెండూ కాదు, పధ్నాలుగు. మధ్యలో పీకడానికి లొంగని వంకర మేకు ఒకటి అలాగే ఉంది.

"ఇదేంట్రా?"

"అదీ... మొదట్లో నేనేనండీ. ఫ్యాను వైరు తెగిందాకా కొట్టేను. అందుకే పైన షీటు..." అన్నాడు తల వంచుకుని.

వరసలో ముందున్న బుజ్జమ్మ ఈపాటికి మాణిక్యాన్ని గొంతుని బట్టి గుర్తుపట్టింది. "మేకులు కొట్టేవాళ్ళకి బండి ఇవ్వకూడదండీ అన్నాడే, ఆ అబ్బాయేనా ఇతను?" అని అడిగింది. మాణిక్యం రాత్రే ఫోనులో అంతా చెప్పి ఉంది.

సాయిదుర్గాప్రసాద్ జేబులోంచి తాళాల గుత్తి తీసి, మారు తాళం కూడా అత్తయ్య చేతిలో పెట్టాడు. "మీకు ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు ఉంచుకోండి అత్తయ్యగారూ. అరకు చూసి రండి. ఈ మేకు సంగతి మాత్రం మా ఆవిడకి చెప్పకండి."

అంతమంది వరసలో నిలబడ్డాక వట్టి చేతులతో పంపడం మాణిక్యానికి మనసొప్పలేదు. గుమ్మంలో నిలబడి గెలలోంచి పళ్ళు తుంచి ఇచ్చింది. ప్రతి ఒక్కరూ కార్డు చూపించే తీసుకున్నారు. బుజ్జమ్మ రోడ్డు మీది బియ్యం ఊడ్చి, చెరిగి, డబ్బాలో పోసి మూత వెతికి పెట్టింది. ఎనిమిదిన్నరకి బండి కదిలింది. బంగారరాజు లెక్క దాదాపు రెండు గంటలు తప్పింది. పక్క సీట్లోంచి మాణిక్యం ఏదో ఒకటి చూపిస్తూ మాట్లాడుతుంటే ఆయన టైము చూసుకోవడం మరిచిపోయాడు.

మిగిలిన సగం గెల ఆ వంకర మేకుకే వేలాడుతూ, ఒక్క పండు నల్లబడకుండా, అరకు దాకా వెళ్ళింది.