బల్దొమేరోగారి పేరిటి ప్రాణి

పొద్దున్నే కాఫీ తాగుతూ నీవెస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. స్పెయిన్‌లోని అలికాంతె ఉప్పుమడుల్లో తాను కనిపెట్టిన గులాబీరంగు బాక్టీరియాను రెండు గొట్టాల్లో పెట్టి, ఒకటి జర్మనీకి, ఒకటి జపానుకు మధ్యాహ్నం టపాలో పంపాలి. బతికున్న నమూనా రెండు దేశాల్లో భద్రపడితే తప్ప కొత్త జాతికి పేరు ఖాయం కాదు. ఆ పేరు ప్రొఫెసర్ బల్దొమేరోగారిది. రేపే ఆయన వీడ్కోలు సభ. ఈలోగా నమూనాలు బయల్దేరితే నీవెస్ ఉద్యోగం పొడిగిస్తానని మాటిచ్చారు. లేకపోతే ఆమె పెట్టె సర్దుకోవడమే.

ల్యాబుకు వెళ్లేసరికి సహోద్యోగి ఫెర్మిన్ వెలిగిపోతున్న మొహంతో ఎదురొచ్చాడు.

"నీకు పని తప్పించా! నువ్వు బాక్టీరియా పెంచే గాజు పళ్లేల్లో ఉన్నదంతా గీకి, మంచినీళ్లతో శుభ్రంగా కడిగి గొట్టాల్లో నింపేశా."

నీవెస్ గొట్టాలు లాక్కుంది. "మంచినీళ్లా? అది ఉప్పులో బతికేది రా బాబూ! మంచినీళ్లు తగిలితే పగిలి చస్తుంది!"

"మరి అంత మురిగ్గా పరాయి దేశాలకెలా పంపుతాం?"

వాణ్ణి తిట్టే తీరిక కూడా లేక ఆమె ఉప్పుమడులకు పరుగెత్తింది. నీళ్లు తెచ్చి మైక్రోస్కోపు కింద ఎంత వెతికినా ఆ ప్రాణి జాడే లేదు. మడుల్లోనూ అది లేదని ప్రొఫెసర్‌గారికి ఫోన్ చేసింది.

"ఉప్పు కంపెనీవాళ్లే చంపేశారు!" ఆయన ఇంట్లోంచి గర్జించారు. "నా జాతిని నాశనం చేస్తారా? వాళ్ల అంతు చూస్తా!"

ఎన్నికలు దగ్గర పడ్డాయి గనక ఆయన ఫిర్యాదు అందగానే మేయరు ఉప్పు పని ఆపించాడు. కూలి పోయిన ఉప్పు కార్మికులు ఉప్పు లాగే గోరుపారలు భుజాన వేసుకుని ప్రొఫెసర్‌గారి ఇంటికి బయల్దేరారు. ఆ కబురు విన్నాక ఫెర్మిన్ గొంతు సవరించుకున్నాడు.

"ఒక మాట చెప్తా, కొట్టవు కదా? నువ్వు మడి నీళ్ల నమూనాలు పెంచేటప్పుడు ల్యాబులో ఉప్పు అయిపోయింది. ఫ్రిజ్‌లో సారు కొనిపెట్టుకున్న ఉప్పుచేప కనిపిస్తే, దాని మీది ఉప్పు కాస్త దులిపి నీ పళ్లేల్లో చల్లా."

అంటే ఆ ప్రాణి పుట్టిల్లు ఉప్పుమడి కాదు, ప్రొఫెసర్‌గారి చేప! ఇద్దరూ ఒగర్చుకుంటూ ఆయన వంటింట్లోకి వచ్చి పడ్డారు. కిటికీ బయట కార్మికులు అప్పటికే కేకలేస్తున్నారు.

"చేపా? అది ఎప్పుడో శుక్రవారం పులుసులోకి పోయిందమ్మా," అంది ఆయన భార్య ఒబ్దూలియా.

"దాని మీది ఉప్పు?" అడిగింది నీవెస్.

"ఉప్పు పారేస్తామా! దులిపి డబ్బాలో పోశా. రోజూ వంటల్లోకి అదే."

మూత తీస్తే ఉప్పంతా గులాబీరంగు. నీవెస్ ఆవిణ్ణి గట్టిగా ముద్దు పెట్టుకుంది. బల్దొమేరోగారు మాత్రం కుర్చీలో కూలబడ్డారు.

"అంటే ఇన్నాళ్లూ నన్ను నేనే తింటున్నానా?"

"తింటున్నారు. ఇంకాస్త వెయ్యమని పోట్లాడుతున్నారు కూడా," అంది ఒబ్దూలియా.

కిటికీలోంచి విన్న కార్మికులు, మడుల తప్పేం లేదని మేయరుకు కబురు పెట్టి, నవ్వుకుంటూ పనికి మళ్లారు. రెండు చిటికెల ఉప్పు టపాకు అందింది. నీవెస్ ఉద్యోగం నిలబడింది. కాకపోతే ఇక ఆమె పరిశోధనాస్థలం ఒబ్దూలియా వంటిల్లు. తన జాతి అంతరించిపోకూడదని బల్దొమేరోగారు ఇప్పుడు చప్పిడి తింటున్నారు.