పట్టీ లేని చెయ్యి

ఆ రోజు ఉదయం స్కోరర్ అక్క వేసుకున్న ప్లానులో మూడే పనులున్నాయి. ఎనిమిదింటికి ఆఫీసు ఆవరణలో పెట్టిన రక్తపరీక్షల శిబిరంలో చేతికి కట్టే పట్టీలు పంచడం, నాలుగింటికి వాలీబాల్ మ్యాచ్‌కి స్కోరు రాయడం, మ్యాచ్ అయ్యాక మైకు పట్టుకుని రెండు నిమిషాలు మాట్లాడటం. మొదటి రెండూ ఆమెకు నీళ్లు తాగినంత తేలిక. మూడోదాని కోసం తొమ్మిదేళ్లుగా ధైర్యం కూడదీసుకుంటోంది.

ఆమెకు హెచ్ఐవీ ఉంది. ఆ సంగతి అత్తగారికీ, ఆస్పత్రి వాళ్లకీ తప్ప ఇంకెవరికీ తెలియదు. భర్త పోతూ పోతూ ఆమెకు రెండు మిగిల్చాడు, ఆ జబ్బునీ, తన తల్లినీ. రెండింటితోనూ సర్దుకుపోవడం ఆమె నేర్చుకుంది.

"మాత్ర వేసుకున్నావా?" అని అత్తగారు వంటింట్లోంచి అడిగింది.

"వేసుకున్నానత్తయ్యా."

"మాట్లాడేది రాసుకున్నావా?"

"రాసుకున్నా. పైకి చదవబోతే రెండో లైను దాటడం లేదు."

"సాయంత్రం నేనూ వస్తా. నువ్వు చెప్పకపోతే నేను చెప్తా. నాకు మైకు కూడా అక్కర్లేదు."

ఆమె కరెంటు ఆఫీసు స్టోరులో గుమాస్తా. ఆరేళ్లుగా ఆఫీసు వాలీబాల్ జట్టుకు స్కోరరు. ఆమెకంటే చిన్నవాళ్లూ, రిటైరవడానికి దగ్గరపడిన ఫోర్‌మనూ, అందరూ ఆమెను "అక్కా" అనే పిలుస్తారు. ఆమె భయమంతా ఆ పిలుపు గురించే. మైకులో ఆ రెండు నిమిషాలు అయ్యాక, రేపు పొద్దున ఎవరైనా స్టోరు గుమ్మం బయటే నిలబడి "మేడమ్" అంటే తను తట్టుకోగలదా?

ఆ రోజు మ్యాచ్ మామూలు మ్యాచ్ కాదు. హెచ్ఐవీ గురించి నలుగురికీ తెలియజెప్పాలని ఆరోగ్యశాఖ వాళ్లు కరెంటు ఆఫీసుకీ బస్సు డిపోకీ మధ్య పెట్టించిన పోటీ. ఆటకు ముందు ఆటగాళ్లూ, చూడవచ్చినవాళ్లూ ఇష్టమైతే పరీక్ష చేయించుకోవచ్చు. చేయించుకున్న ప్రతి ఒక్కరి మణికట్టుకూ ఒక ఆకుపచ్చ పట్టీ కడతారు. ఫలితం మాత్రం లోపలి గదిలో ఆ మనిషి ఒక్కరికే చెబుతారు. పట్టీకీ ఫలితానికీ సంబంధం లేదని స్కోరర్ అక్క ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు తగిలించింది. గోడ మీద రాసినవి చదవకపోవడం ఆ ఆఫీసులో అందరికీ ఉద్యోగంతో పాటు వచ్చిన అలవాటు.

తొమ్మిదయ్యేసరికి ఆ పట్టీ పరీక్షలో పాసైన గుర్తుగా మారిపోయింది.

"ఏమైంది, పాసయ్యావా?" అని వాచ్‌మన్ అడుగుతున్నాడు.

"ఫస్ట్ క్లాసు!" అని మీటర్ రీడర్ మణికట్టు ఎత్తి చూపిస్తున్నాడు.

జట్టులో ఆరుగురు. పదింటికి పట్టీలు ఐదయ్యాయి. ఆరో చెయ్యి లైన్‌మన్‌ది. మనిషి పొడుగు కాబట్టి జట్టంతా అతన్ని నిచ్చెన అంటారు. శిబిరం గుమ్మం దాకా వచ్చిన నిచ్చెన లోపలికి ఒకసారి తొంగిచూసి, "లైను మీద పనుంది" అని వెళ్లి వీధి చివరి స్తంభం ఎక్కాడు. మధ్యాహ్నం దాకా దిగలేదు. ఆ స్తంభం మీద ఏ ఫిర్యాదూ లేదు.

అది జట్టు కెప్టెన్ అయిన ఫోర్‌మన్ కంటపడింది. ఆయన మూడు నెలల క్రితం హెచ్ఐవీ ఉన్నవాళ్ల పట్ల వివక్ష చూపకూడదనే అంశం మీద రెండు రోజుల శిక్షణ పొంది సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. నేర్చుకున్నదాన్ని ఎవరి మీద ప్రయోగించాలా అని అప్పటి నుంచీ ఎదురుచూస్తున్నాడు.

"ఒరేయ్, నిచ్చెన చేతికి పట్టీ లేదు. అర్థమైందిగా?" అని జట్టులో మిగతా నలుగుర్నీ దగ్గరకు పిలిచి గొంతు తగ్గించాడు. "ఎవరూ ఏమీ అడగొద్దు. కలిసి తినాలి, కలిసి తాగాలి, దగ్గరకు తీసుకోవాలి. ముట్టుకుంటే అంటదు. వాడికి ఏ లోటూ తెలియకూడదు."

అలా మొదలైంది. భోజనాల దగ్గర ఫోర్‌మన్ తన కంచం పక్కన పెట్టి నిచ్చెన కంచంలో చెయ్యి పెట్టాడు. మీటర్ రీడర్ అతని సగం తాగిన టీ లాక్కుని గటగటా తాగాడు. గేటు దగ్గర వాచ్‌మన్ వాటేసుకుని కళ్లు తుడుచుకున్నాడు. మూడింటికి నిచ్చెన స్టోరు గదిలోకి వచ్చి తలుపు వేశాడు.

"అక్కా, నిజం చెప్పు. నాకు బదిలీ వచ్చింది కదూ?"

"బదిలీయా? ఎవరన్నారు?"

"అనడం దేనికి? ఫోర్‌మన్ గారు నా కంచంలో తిన్నారు. వాచ్‌మన్ నన్ను పట్టుకుని ఏడ్చాడక్కా! పన్నెండేళ్లలో వాడు నా నమస్కారానికి కూడా బదులివ్వలేదు. ఎంత దూరం వేశారు?"

ఆమె అతని మణికట్టు చూసింది. సంగతి అర్థమై ఫోర్‌మన్ దగ్గరకు పరిగెత్తింది.

"ఫోర్‌మన్ గారూ, పట్టీ లేదంటే పరీక్ష చేయించుకోలేదని. అంతే. చేయించుకోకపోవడానికి వంద కారణాలుంటాయి."

"అవునక్కా" అని ఆయన జాలిగా ఆమె భుజం తట్టాడు. "శిక్షణలో అదే చెప్పారు. దగ్గరివాళ్లు మొదట్లో ఒప్పుకోలేరట. నువ్వు బెంగపడకు. రహస్యం మన ఐదుగురు దాటదు."

"ఐదుగురూ ఎవరికీ చెప్పలేదా?"

"ఛఛ! ఇంట్లో వాళ్లకు తప్ప."

ఆమెకు నవ్వొచ్చింది. ఆ వెనకే కాస్త అసూయ కూడా కలిగింది. ఇంత ప్రేమ ఈ ఆఫీసులోనే ఉందన్నమాట, తను తొమ్మిదేళ్లు ఒంటరిగా మాత్రలు మింగింది. వీళ్లకు చెప్పొచ్చు అనుకుంది. సంచిలో ఉన్న కాగితాన్ని ఒకసారి తడిమి చూసుకుంది.

నాలుగయ్యేసరికి ఆ రహస్యం డిపో దాకా వెళ్లి, తిరిగొచ్చి, నిచ్చెన భార్యను వెంటబెట్టుకుని మైదానంలోకి వచ్చింది. ఆవిడ ముక్కు ఎర్రగా ఉంది. నెట్ పక్కనే మొగుడి చెయ్యి పట్టుకుంది.

"ఏమైనా సరే, నేను నీతోనే ఉంటాను."

"నీకూ తెలిసిందా?" అని నిచ్చెన నిట్టూర్చాడు. "మరి పిల్లల చదువులు?"

"వాళ్లకిప్పుడే చెప్పొద్దు."

"ఎన్నాళ్లు దాస్తాం? ఎప్పుడో ఒకప్పుడు సామాన్లు సర్దుకోవాలిగా."

"అలాంటి మాటలు అనకయ్యా!" అంటూ ఆవిడ గొల్లుమంది. బదిలీకి ఇంత ఏడుపేమిటో అర్థంకాక నిచ్చెన కోర్టులోకి నడిచాడు.

ఆట ఆటలా సాగలేదు. డిపో కెప్టెన్, ఆయనో బస్సు డ్రైవరు, నిచ్చెన వైపు బంతిని పువ్వులా అందిస్తున్నాడు. నిచ్చెన బంతిని నెట్‌కి కొట్టినా జనం చప్పట్లు కొడుతున్నారు. ఆ మర్యాదతో కరెంటు వాళ్లు మొదటి సెట్టు గెలిచారు. ఆ చప్పట్లకే మతిపోయి నిచ్చెన రెండో సెట్టు పోగొట్టాడు. మూడో సెట్టు పదమూడు, పదమూడు దగ్గర ఉండగా అతను బంతి కోసం దూకి నేల మీద జారాడు. మోచెయ్యి గీరుకుని రక్తం వచ్చింది.

చప్పట్లు ఆగిపోయాయి.

"బంతి మార్చండి!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. "ఆయన్ని పంపించెయ్యండి బయటికి!" అని ఇంకెవరో అన్నారు. పొద్దుట్నుంచీ ప్రేమ పంచిన ఆవరణలో ముందు వరస కుర్చీలు కరకరమంటూ రెండడుగులు వెనక్కి జరిగాయి. మీటర్ రీడర్ తన చేతులు తిప్పి చూసుకున్నాడు. ఫోర్‌మన్ నోరు తెరిచాడు కానీ, శిక్షణలో ఈ ఘట్టం లేనట్టుంది, మాట రాలేదు. కోర్టు మధ్యలో నిచ్చెన మోచెయ్యి పట్టుకుని ఒక్కడే నిలబడ్డాడు.

స్కోరర్ అక్క ఆ కుర్చీలను చూసింది. రేపు తన బల్ల చుట్టూ కూడా అంతే జాగా ఉంటుంది. నోరు మూసుకుంటే తన గుట్టు తన దగ్గరే ఉంటుంది, నిచ్చెన సంగతి ఎలాగూ రెండు రోజుల్లో తేలిపోతుంది. కానీ ఆ రెండు రోజులూ అతను అలాగే నిలబడాలి.

ఆమె లేచి మైకు తీసుకుంది. రాసుకున్న కాగితం సంచిలోనే ఉండిపోయింది.

"మోచెయ్యి గీరుకుంటే ఎవరికైనా కడిగి ప్లాస్టర్ వేస్తాం. ఆయనకూ అంతే. ఆయనకేముందో నాకు తెలీదు, మీకూ తెలీదు, అడగడం మన పని కాదు. నాకుంది. హెచ్ఐవీ. తొమ్మిదేళ్లయింది. ఆరేళ్లుగా మీ పక్కనే కూర్చుని స్కోరు రాస్తున్నా. ఇక కుర్చీలు ఎటు జరుపుకుంటారో మీ ఇష్టం."

వెనక నుంచి అత్తగారి గొంతు ఖంగుమంది. "రోజూ మాత్ర వేసుకుంటుంది! నాకంటే గట్టిగా ఉంది! నేనూ దానితోనే తింటున్నా, దానితోనే పోట్లాడుతున్నా, నాకేమైంది?"

ఎవరూ కదల్లేదు. స్కోరర్ అక్క బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. అప్పుడు డిపో కెప్టెన్ నెట్ కింద నుంచి వంగి ఇవతలికి వచ్చి, తల గోక్కుంటూ అడిగాడు.

"అది సరే అక్కా... స్కోరు పదమూడు, పదమూడేనా? పాయింటు మాకు రావాలి."

ఆమె తల ఊపింది. ముందు వరసలో ఒక కుర్చీ ముందుకు జరిగింది, తర్వాత ఇంకొకటి. ఫోర్‌మన్ రెండు చేతులూ చాచుకుని, కన్నీళ్లతో ఆమె వైపు బయలుదేరాడు.

"ఫోర్‌మన్ గారూ, ఆట అవనివ్వండి" అంది ఆమె.

అంతలో నిచ్చెనకు వెలిగింది. "అంటే, నాకు బదిలీ కాదా? హెచ్ఐవీ అనుకున్నారా, నాకు?"

"మరి పట్టీ ఏదయ్యా? పరీక్ష ఎందుకు చేయించుకోలేదు?" అంది భార్య.

నిచ్చెన చుట్టూ చూశాడు. వందమంది చూస్తున్నారు. మైకులో అక్క అంత మాట చెప్పేశాక, తను దాచడం బాగుండదనుకున్నాడు.

"సూదంటే భయం" అన్నాడు నేల చూపులు చూస్తూ.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత భార్య కళ్లు తుడుచుకుని, కొంగుతో అతని వీపు మీద ఒక్కటేసింది. మైదానం మొత్తం ఘొల్లుమంది. మ్యాచ్ డిపో వాళ్లు గెలిచారు. చీకటి పడకముందే ఐదుగురు ఆటగాళ్లు నిచ్చెనను శిబిరంలోకి ఎత్తుకుపోయారు. స్కోరర్ అక్క అతని చెయ్యి పట్టుకుని, అటు చూడకుండా అంకెలు లెక్కపెట్టమంది. అతను పదిహేడు దగ్గర సొమ్మసిల్లాడు. నర్సు అప్పటికింకా సూదిని పొట్లంలోంచే తియ్యలేదు.

మర్నాడు కరెంటు ఆఫీసులోనూ డిపోలోనూ అందరూ ఒక్క జబ్బు గురించే, నిచ్చెన సూది భయం గురించే చెప్పుకున్నారు, పాపం దానికింకా మందు కనిపెట్టలేదట.