ఆమ్లెట్ మీద సంతకం

"ఇకమీదట ఈ దేశంలో పరీక్ష పాసవ్వని అట్టపెట్టెలో ఎవరూ ఒక్క ముద్ద కూడా తినరు!" అని మంత్రిగారు ప్రయోగశాల వరండాలో నిలబడి ప్రకటించారు. చప్పట్లు మారుమోగాయి. వెంటనే అందరికీ టిఫిను పంచారు, అట్టపెట్టెల్లో. వాటికి ఇంకా పరీక్ష జరగలేదు.

ఆ చారిత్రక బాధ్యత ల్యాబులో అందరూ 'కొత్తపెళ్లికూతురు' అని పిలిచే కెమిస్టు మీద పడింది. పెళ్లయి ఇరవై రెండు రోజులు. లోకంలో అన్నీ ఆమెకు ముద్దొస్తున్నాయి. ఓవెన్ టింగుమన్నా మురిసిపోతోంది. పెట్టెను ముక్కలుగా కోసి, వేడి నూనెలో రెండు గంటలు నానబెట్టింది. నూనెలోకి ఏ రసాయనమూ దిగలేదు. పెట్టె పాస్! రిపోర్టు కింద కొత్త ఇంటిపేరుతో, జీవితంలో మొదటిసారి, సంతకం పెట్టింది. వారం రోజులుగా వడపోత కాగితాల మీద సాధన చేస్తున్న సంతకం అది.

"పాసైన సంగతి తినేవాడికి తెలియొద్దా?" అన్నారు మంత్రిగారు.

"మూత మీద అచ్చు వేయిద్దాం సర్" అన్నారు డైరెక్టరుగారు.

"మూత తీసి అవతల పడేస్తారయ్యా! లోపల వేయించండి, అడుగున. తినేకొద్దీ నేను కనపడాలి."

తినేకొద్దీ కనపడే ప్రజాసేవ అంతకుముందు ఎవరికీ తట్టలేదు. మంత్రిగారి నవ్వుముఖం, 'పూర్తిగా సురక్షితం' అన్న మాట, దాని కింద ఆమె సంతకం. వారంలో లక్ష పెట్టెలు తయారయ్యాయి. సిరాకు ఏ పరీక్షా జరగలేదు, పెట్టె ముందే పాసైంది కాబట్టి. ఈ సంగతి కెమిస్టుకైనా తట్టాలి. కెమిస్టు ఆ సమయంలో తన సంతకం చివర తోక ఎంత వయ్యారంగా వచ్చిందో చూసుకుంటోంది.

మొదటి పెట్టెను ఇంటికి తెచ్చి, మర్నాడు అందులో వేడివేడి ఆమ్లెట్ పెట్టి భర్త చేతికిచ్చింది. మధ్యాహ్నం ఫోనొచ్చింది.

"ఏమోయ్, ఆమ్లెట్ మీద మంత్రిగారి మీసాలున్నాయి!"

"అయ్యో, తినేశారా?"

"పారేద్దామనుకున్నా. కానీ వంట నీదాయె. పైగా పక్కనే మన ఇంటిపేరు, తిరగబడి! నీ సంతకమే కదా అని కళ్లకద్దుకుని మరీ తిన్నా."

ఆమె సిగ్గుతో ఎర్రబడింది. సిరా గుర్తొచ్చి తెల్లబడింది. భర్త ఆఫీసుకు పరుగెత్తి, ఆ ఖాళీ పెట్టె పట్టుకుని డైరెక్టరుగారి ముందు నిలబడింది.

"సర్, సిరా తిండిలోకి దిగుతోంది. లక్ష పెట్టెలూ ఆపాలి!"

ఆయన పెట్టెను వెలుతురుకు పట్టి చూశారు. లోపల తెల్లగా మెరుస్తోంది.

"ఇందులో సిరా ఏదమ్మా?"

"ఆమ్లెట్‌కి అంటుకుంది సర్."

"ఆమ్లెట్ ఏది?"

"మా ఆయన కడుపులో ఉంది సర్."

"మీ ఆయన మన పరిధిలోకి రారు తల్లీ. మనది ప్యాకేజింగ్ విభాగం. సరే, నీ తృప్తి కోసం ఈ పెట్టెనే మళ్లీ పరీక్షించు."

ముక్కలుగా కోసింది. వేడి నూనెలో రెండు గంటలు నానబెట్టింది. నూనె అద్దంలా ఉంది. ఓవెన్ టింగుమంది.

"చూశావా, వాడేకొద్దీ శుభ్రమవుతోంది!" అని డైరెక్టరుగారు పొంగిపోయి మంత్రిగారికి ఫోన్ కలిపారు. కిటికీ కింద పెట్టెల లారీలు ఒక్కొక్కటే బయల్దేరుతున్నాయి.

"కానీయమ్మా, సంతకం పెట్టు."

కొత్తపెళ్లికూతురు కలం మూత తీసింది. ఈసారి పుట్టింటి ఇంటిపేరుతో సంతకం పెట్టింది.